మనవడికి ‘నరసింహ’ పేరు: అర్థం, చరిత్ర, ఈ రోజుల్లో పెట్టుకోవచ్చా?

నల్గొండ_నాన్న:
అందరికీ నమస్కారం. పోయిన వారం మాకు బాబు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. ఇరవై ఒకటో రోజు బారసాల. మా తాత పేరు నర్సింహులు, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా నాన్న ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఈసారి మాత్రం బాబును ఒళ్ళోకి తీసుకొని, “మా నాయిన పేరు పెడితే బాగుంటది బిడ్డా” అన్నాడు. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నా భార్యది విశాఖ. తనకు స్వామి అంటే భక్తే. కానీ బడిలో పిల్లలు పాత పేరని ఏడిపిస్తారేమోనని టెన్షన్ పడుతోంది. మా బావమరిది ఒకరు “ఉగ్రమూర్తి పేరు పెడితే పిల్లాడికి కోపం ఎక్కువవుతుంది” అని ఇంకో మాట వేశాడు. ఈ పేరు గురించి తెలిసినవాళ్ళు చెప్పండి. ఈ మధ్య పుట్టిన పిల్లలకు ఎవరైనా పెట్టారా? పెడితే ఏ రూపంలో పెట్టారు?

పంతులుగారబ్బాయి:
శుభం. ముందు మీ బావమరిది గారి భయం తీరుద్దాం. నరుడు, సింహం కలిసిన రూపం కాబట్టి నరసింహుడు, దశావతారాల్లో నాలుగోది. ఆ కథ మనందరికీ తెలిసిందే. అయితే కథలో ఆ ఉగ్రం ఎవరి మీద? పసివాడైన ప్రహ్లాదుణ్ణి కొండల మీంచి తోయించి, ఏనుగులతో తొక్కించబోయిన తండ్రి హిరణ్యకశిపుడి మీద. దేవతలు కూడా దగ్గరికి వెళ్ళడానికి జంకినప్పుడు ఎదురుగా వెళ్ళి నిలబడ్డది ఆ పసివాడే. అందుకే మన పెద్దలు ఇది పిల్లల్ని కాపాడే స్వామి పేరని నమ్మి పెట్టుకున్నారు.

నృసింహ మంత్రం “ఉగ్రం వీరం” అని మొదలవుతుంది నిజమే. ఆ మంత్రంలోనే “భీషణం భద్రం” అని పక్కపక్కనే ఉంటాయి. అహోబిలంలో జ్వాలా నరసింహుడున్న కొండల్లోనే మాలోల నరసింహుడు లక్ష్మీదేవితో ప్రసన్నంగా కూర్చుని ఉంటాడు. శాంతమూర్తి కావాలనుకుంటే ‘లక్ష్మీనరసింహ’ అని పెట్టుకోవడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే.

బాబుది ఏ నక్షత్రం?

నల్గొండ_నాన్న:
స్వాతి అన్నారండీ.

పంతులుగారబ్బాయి:
భలే కుదిరింది! స్వాతి నరసింహస్వామి నక్షత్రం. యాదగిరిగుట్టలో ప్రతి నెలా స్వాతి నాడు ప్రత్యేకంగా అభిషేకం చేస్తారు. కాకపోతే అక్షరాల ప్రకారం స్వాతికి వచ్చేవి రూ, రే, రో, త. ‘న’ అక్షరం అనూరాధకు వెళ్తుంది. దీనికేమీ కంగారు పడక్కర్లేదు. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, బంగారపు ఉంగరంతో మొదట నక్షత్ర నామం రాయిస్తారు, తర్వాత వ్యవహార నామం. మీరు రికార్డుల్లో ఎక్కించేది రెండోదే.

విహాన్_అమ్మ:
నేను కొంచెం వేరేగా చెబుతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. పేరు మోయాల్సింది పిల్లాడు. తాతగారి మీద ప్రేమ ఉంటే ఫొటో పెట్టుకోండి, ఆయన పేరు మీద అన్నదానం చేయండి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ అబ్బాయి ఆఫీసులో కూర్చున్నప్పుడు వాడికి నచ్చే పేరు కావాలి. మా అన్నయ్య పేరు వెంకట నరసింహమూర్తి. కాలేజీలో చేరగానే తనే ‘మూర్తి’ అని కుదించుకున్నాడు. ఇప్పటికీ పూర్తి పేరు ఎక్కడా చెప్పడు. ఇంట్లో పెద్దవాళ్ళ ముచ్చట తీర్చడానికి పిల్లల మీద బరువు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

శాసనాలపిచ్చి:
అమ్మా, మీ అభిప్రాయానికి గౌరవమే. అయితే ‘పాత పేరు’ అనేముందు ఈ పేరు ఎంత పాతదో, ఎవరెవరు ఎంత ఇష్టంగా పెట్టుకున్నారో ఒకసారి చూద్దాం. నాకిష్టమైన విషయం కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

దక్షిణాదిన ఈ పేరుకు పెద్ద వెలుగు తెచ్చినవాడు పల్లవ రాజు మొదటి నరసింహవర్మ. 630 నుంచి 668 వరకు పాలించాడు. తన తండ్రి మహేంద్రవర్మను ఓడించిన చాళుక్యుల మీదికి దండెత్తి 642లో వాతాపిని పట్టుకున్నాడు. ‘మామల్లుడు’ ఆయన బిరుదే, మామల్లపురానికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. ఆ వంశంలోనే రెండో నరసింహవర్మ, అంటే రాజసింహుడు, కంచిలో కైలాసనాథ ఆలయం కట్టించాడు. హొయసల వంశంలో ముగ్గురు నరసింహులున్నారు. తూర్పు గంగరాజు మొదటి నరసింహదేవుడు 13వ శతాబ్దంలో కోణార్క సూర్యదేవాలయం కట్టించాడు. వైష్ణవులే కాదు, శివాలయం కట్టినవాడు, సూర్యాలయం కట్టినవాడు కూడా నరసింహులే.

ఇక విజయనగరానికి వస్తే గద్దె చుట్టూ అందరూ నరసింహులే. 1485లో సాళువ నరసింహరాయలు సింహాసనం ఎక్కాడు. ఆయన కొడుకు ఇమ్మడి నరసింహరాయలు. రాజ్యాన్ని నడిపించిన సేనాని తుళువ నరసనాయకుడు. నరసనాయకుడి పెద్దకొడుకు వీరనరసింహరాయలు 1505 నుంచి 1509 వరకు ఏలాడు, ఆయన తమ్ముడే మన కృష్ణదేవరాయలు. పేరు మారినా భక్తి మారలేదు: రాయలు కళింగ దండయాత్రప్పుడు 1516లో సింహాచలం వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించుకున్నాడు. హంపిలో ఒకే రాతిలో మలిచిన ఆ పెద్ద నరసింహ విగ్రహం 1528లో ఆయన చేయించిందే.

రాజుల సంగతి అలా ఉంచితే, మన సాహిత్యంలోనూ ఈ పేరు గట్టిగానే నిలిచింది. తాళ్ళపాక అన్నమయ్య, తిమ్మక్కల కొడుకు పేరు నరసింగన్న. ఎఱ్ఱాప్రగడ నృసింహపురాణం రాశాడు. ఆధునిక కాలంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం, పానుగంటి లక్ష్మీనరసింహారావు. ‘సింహ’ తెలుగు నోట ‘సింగ’ అయింది కదా, సింగన, సింగయ్య, సింగమనాయుడు కూడా ఆ చెట్టు కొమ్మలే. రాచకొండ ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుణ్ణి మర్చిపోతే ఎలా! గుజరాత్‌లో 15వ శతాబ్దపు భక్తకవి నర్సీ మెహతా పేరులోని నర్సీ కూడా ఇదే.

కోయిలకుంట్ల_కుర్రోడు:
మా ఊరి మాట రాకుండా ఈ చర్చ ముగియకూడదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న మా కోయిలకుంట్లలోనే కుంపెనీవాళ్ళు ఉరి తీశారు. 1857 తిరుగుబాటుకు పదేళ్ళ ముందు సంగతి ఇది. మా అవ్వలు ఆయన పాటలు పాడుకుంటూ పెరిగారు. మా దగ్గర ఈ పేరు చెప్పి ఎవడినీ ఏడిపించరన్నా, పైగా వెన్ను నిటారుగా పెట్టి చెప్పుకుంటారు.

ఇంకో సంగతి. మాకు అహోబిలం దగ్గర. కాబట్టి మా వైపు ‘నరసింహ’ కంటే ఎక్కువ వినబడేది ఓబులేసు. అహోబిలేశుడే వాడుకలో ఓబులేసు అయ్యాడు. ఓబన్న, ఓబయ్య, ఓబుళరెడ్డి, ఆడపిల్లలకైతే ఓబులమ్మ. మా పెదనాన్న పెద్ద ఓబులేసు, మా చిన్నాన్న చిన్న ఓబులేసు. అన్నదమ్ములిద్దరికీ ఒకే పేరు, మొక్కు అలాంటిది. వీధిలో “ఓబులేసూ” అని పిలిస్తే నాలుగు గుమ్మాల్లోంచి తలలు బయటికొస్తాయి.

చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి చెంచులు స్వామిని తమ అల్లుడంటారు. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకీ ఎక్కి నెలకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు. తన పెళ్ళికి జనాన్ని పిలవడానికి ఆయనే స్వయంగా వస్తాడని మా నమ్మకం. గుమ్మం ముందుకు వచ్చిన దేవుడి పేరు పిల్లాడికి పెట్టుకోకుండా ఎలా ఉంటాం చెప్పండి?

గుంటూరు_మాస్టారు:
పై పోస్టు చూశాక నాకు మా తరగతి గదులు గుర్తొచ్చాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ హాజరు పట్టీ చూసి ఈ పిల్లాడి ఇలవేల్పు ఏ కొండ మీద ఉన్నాడో చెప్పగలిగేవాణ్ణి. నరసింహస్వామి విషయంలో ఇది మరీ నిజం. ఒకే దేవుడు, కొండకో పేరు.

మంగళగిరి కొండ మీద స్వామికి బెల్లం పానకం నైవేద్యం. నోట్లో పానకం పోస్తే గుటకల చప్పుడు వినబడుతుందనీ, సగం పుచ్చుకొని సగం వదిలేస్తాడనీ భక్తుల నమ్మిక. ఆయన పానకాలస్వామి, మా వైపు పిల్లలు పానకాలు, పానకాలరావు, పానకాలరెడ్డి. తెలియనివాళ్ళు ఇదేం పేరు అనుకుంటారు, కానీ అది నరసింహ నామమే. నూజివీడు దగ్గర ఆగిరిపల్లిలో శోభనాచలం మీద వ్యాఘ్ర నరసింహస్వామి ఉన్నాడు, అందుకే ఉమ్మడి కృష్ణా జిల్లాలో శోభనాద్రి, శోభనాచలపతి. కందుకూరు వైపు మాలకొండ, ఆ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. అక్కడి పిల్లలు మాలకొండయ్య, మాలకొండారెడ్డి. సింగరాయకొండ చుట్టుపక్కల సింగయ్య, సింగరయ్య.

కదిరి సంగతి అనంతపురం వాళ్ళు చెప్పాలి.

నెల్లూరు_పెద్దక్క:
మాస్టారూ, మా కోనను మర్చిపోయారే! రాపూరు దాటి వెళ్తే పెంచలకోన. స్వామి రాతిరూపంలో పెనవేసుకుని వెలిశాడని పెనుశిల, అదే పెంచల అయింది. మా ఇంట్లోనే పెంచలయ్య, పెంచల్‌రెడ్డి, పెంచలమ్మ ముగ్గురూ ఉన్నారు. మా పెంచలయ్య మామ చెన్నైలో పెద్ద ఉద్యోగం చేశాడు. అక్కడ ఎవరైనా పేరు వినగానే “మీది నెల్లూరా?” అని అడిగేవాళ్ళట. ఊరు చెప్పకుండానే ఊరు తెలిసిపోయే పేరు అది. ఈ విహాన్‌లూ అయాన్ష్‌లూ వింటే ఎవరు ఏ ఊరివాళ్ళో చెప్పగలమా?

విహాన్_అమ్మ:
పెద్దక్కా, పిల్లాడి ఊరు అందరికీ తెలియాలని మనకుంటుంది, వాడికి ఉండాలని లేదు కదా. బెంగళూరులోనో పుణేలోనో పెరిగే పిల్లలకు ఏ ఊరికైనా ఇమిడే పేరు కావాలని తల్లిదండ్రులు చూడటంలో తప్పేమీ లేదు. మీరంతా చెప్పిన చరిత్ర బాగుంది, నిజంగా చాలా తెలుసుకున్నాను. కానీ ఆ చరిత్ర వాడి తోటి పిల్లలకు తెలియదు.

డాలస్_అమ్మ:
ఆ ‘ఏ ఊరికైనా ఇమిడే పేరు’ గురించి నా అనుభవం చెప్పాలి. మా అబ్బాయి పేరు నరసింహ. ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు మిడిల్ స్కూల్‌లో ఉన్నాడు. మా మామగారి పేరు పెట్టాం. వాడు బడిలో చేరేటప్పుడు మీలాగే నేనూ భయపడ్డాను.

మొదటి రోజు టీచర్ హాజరు పట్టీ చూసి ఆగిపోయింది. వీడు “న, ర, సిం, హ” అని విడదీసి చెప్పాడు. ఆమె రెండుసార్లు అనుకుని మూడోసారికి సరిగ్గా పలికింది. అర్థం అడిగితే “సగం మనిషి, సగం సింహం” అన్నాడు. క్లాసులో మిగతా పిల్లలంతా వీడి చుట్టూ చేరారు. ఆ వయసు మగపిల్లలకు సింహం కంటే కావాల్సిందేముంది! స్నేహితులు ‘నర’ అంటారు, ఇంట్లో ‘నన్నూ’ అని పిలుస్తాం. పేరు మార్చమని ఇంతవరకూ అడగలేదు. ఇక్కడ నోరు తిరగని పేర్లు అన్ని దేశాల పిల్లలకూ ఉంటాయి, టీచర్లు నేర్చుకుంటారు.

నాకు ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే కాగితాల్లో. ఇండియాలో మా మామగారి పేరు ఒకచోట నరసింహులు, ఒకచోట నర్సింలు. ఆస్తి కాగితాలప్పుడు ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికి అఫిడవిట్లు ఇవ్వాల్సి వచ్చింది. పెట్టేముందు ఒక్క రూపం ఖాయం చేసుకోండి.

అప్పన్నసేవ:
చెల్లి విశాఖ అన్నారు కాబట్టి మా వైపు సంగతి చెబుతాను. మాకు సింహాచలం స్వామి అంటే సింహాద్రి అప్పన్న. ఏడాదంతా గంధం పూతలో ఉంటాడు, అక్షయ తృతీయ నాడు మాత్రం ఆ చందనం తీస్తారు, అప్పుడే నిజరూప దర్శనం. ఆ దర్శనానికి రాత్రి నుంచే కొండ దిగువన లైన్లు కడతారు జనం. గుడిలో కప్పస్తంభం ఉంది, పిల్లల్లేని ఆడవాళ్ళు దాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటారు. ఆ మొక్కుతో పుట్టిన పిల్లలే మా వీధి నిండా.

అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సయ్య. సింహాచలం అనే పేరైతే మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ పెడతాం. మా అత్తగారి పేరు సింహాచలం, మా ఎదురింటి తాత పేరూ సింహాచలమే. పొలంలో కూలికి పోయేవాళ్ళకూ అదే పేరు, పెద్ద భూస్వామికీ అదే పేరు. ఒక్క నరసింహ నామమే శాస్త్రిగారింట్లో నరసింహశాస్త్రి, దొరగారింట్లో నరసింహారావు, పాలేరింట్లో నర్సిగాడు అని పిలిపించుకున్న రోజులు నేను చూశాను. వెనకొచ్చే తోకే మనిషి విలువ చెప్పేది. ఆ తోకలు తీసేసి వట్టి ‘నరసింహ’ అని ఇప్పటి పిల్లలకు పెడుతుంటే నాకు చాలా సంతోషం.

బరంపురం_తెలుగోడు:
మాది ఒడిశాలో తెలుగు కుటుంబం. ఒడియా స్నేహితుల ఇళ్ళలో ఇదే పేరు ‘నృసింఘ’ అని పలుకుతారు. మా నాన్న నరసింహమూర్తి, ఆయన ప్రాణస్నేహితుడు నృసింఘ చరణ్. ఇద్దరూ కలిసి సింహాచలం వెళ్ళేవారు. కర్ణాటకలో నరసింహయ్య, తమిళనాట నరసింహన్. పొరుగు రాష్ట్రాల్లో దీన్ని పరాయి పేరుగా ఎవరూ చూడరు. దేశమంతా ఇమిడే పేరు కావాలంటే ఇంతకంటే ఏం కావాలి?

యాదగిరి_నగర్:
నల్గొండ అన్నా, మన గుట్ట గురించి ఎవ్వరూ పూర్తిగా చెప్పలేదు. యాద మహర్షి తపస్సుకు మెచ్చి స్వామి వెలిశాడని యాదగిరి. మన దగ్గర యాదగిరి, యాదయ్య, యాదమ్మ లేని ఊరుందా? నర్సింలు, నర్సయ్య, నర్సిరెడ్డి, నర్సింగరావు అన్నీ మన పేర్లే. గోదావరి గట్టు మీద ధర్మపురి, ములుగు అడవిలో మల్లూరు, కృష్ణ ఒడ్డున మట్టపల్లి, ఎటు చూసినా ఆయనే. 1991లో ఢిల్లీలో ప్రధానిగా ప్రమాణం చేసిన మన పీవీ పూర్తి పేరు పాములపర్తి వేంకట నరసింహారావు. 2024లో భారతరత్న ప్రకటించినప్పుడు టీవీలో ఆ పేరు పూర్తిగా చదువుతుంటే మా నాన్న లేచి నిలబడ్డాడు.

గుట్ట గుడి కొత్తగా కట్టి 2022 మార్చిలో తెరిచిన తర్వాత మా బంధువుల్లో ఇద్దరు కొడుకులకు ‘శ్రీనరసింహ’, ‘నృసింహ’ అని పెట్టుకున్నారు. మా తరంలో తగ్గింది నిజమే, అందరం ప్రవీణ్, నవీన్, మహేశ్‌లం అయిపోయాం. కానీ పూర్తిగా పోలేదు.

గుంటూరు_మాస్టారు:
తగ్గడానికి ఇంకో చిన్న కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ గమనించరు. తాత పేరు మనవడికి పెడితే కోడలు ఆ పేరుతో పిల్లాణ్ణి కేకేయలేదు, మామగారి పేరు కదా. “ఒరేయ్ నరసింహా, అన్నానికి రారా” అని ఎలా అంటుంది? అందుకే ఆ పిల్లలు ఇంట్లో చిన్నా, బుజ్జీ, నానీ అయిపోతారు. అసలు పేరు బడి రికార్డులో పడుకుంటుంది. పెళ్ళి శుభలేఖ మీద చూసి “వీడి పేరు ఇదా!” అని చుట్టాలే ఆశ్చర్యపోతారు. పిలవని పేరు ఎన్నాళ్ళు బతుకుతుంది? నల్గొండ బాబూ, పెడితే నోరారా పిలవండి. మీ నాన్నగారు అడిగింది కూడా అందుకే అయి ఉంటుంది. ఆ పేరు ఇంట్లో మళ్ళీ వినబడాలని.

బాబు_వాళ్ళమ్మ:
అందరికీ నమస్కారం. నేను ఈ ప్రశ్న అడిగినాయన భార్యను. బాబుకు పాలు పడుతూ రాత్రంతా ఇదే చదివాను. మాస్టారు గారి మాట దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే నాకున్న అసలు ఇబ్బంది అదే. పాత పేరు కావడం కంటే, మా మామగారు తన తండ్రిని తలుచుకునే పేరును నేను గదమాయించేటప్పుడు ఎలా వాడతానా అని.

విహాన్ వాళ్ళమ్మ గారూ, మీరు చెప్పింది కూడా ఆలోచించాను. వాడు పెద్దయ్యాక కుదించుకుంటే కుదించుకోనీ, మీ అన్నయ్యలాగే. ఆ స్వేచ్ఛ వాడికి ఉంటుంది.

మామగారితో ఇవాళ పొద్దున మాట్లాడాను. రికార్డులో ‘నరసింహ’, తోక లేకుండా. ఇంట్లో నేను పిలవడానికి మా పుట్టింటి పేరు, ‘అప్పన్న’. “అప్పన్న కూడా ఆయనే కదమ్మా” అన్నారు మామగారు. ఆయన మాత్రం అప్పుడే ‘నర్సింలూ’ అని పిలవడం మొదలుపెట్టేశారు. పంతులుగారబ్బాయి గారూ, బియ్యంలో రాసే నక్షత్ర నామం ‘త’తో ఏదైనా మీరే చెప్పండి.

పంతులుగారబ్బాయి:
దీర్ఘాయుష్మాన్ భవ. ‘తారక్’ అని రాయించండమ్మా.

మీసేవ_మిత్రుడు:
కాగితాల సంగతి నేను చెబుతాను, డాలస్ అమ్మగారు చెప్పినది చాలా ముఖ్యం. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి, ఆసుపత్రిలో పుడితే వాళ్ళే పంపిస్తారు. అప్పటికి పేరు ఖాయం కాకపోయినా పర్వాలేదు, ఆ గడి ఖాళీగా ఉంచి నమోదు చేయొచ్చు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము ఉండదు, ఆ తర్వాత కూడా ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకు చేర్పించుకోవచ్చు. ఇప్పుడు బడి ప్రవేశం నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి అందులో ఎలా ఎక్కితే అదే చివరిదాకా.

తెలుగులో ‘నరసింహ’ అని రాయడంలో తికమక లేదు. ఇంగ్లీషులోనే తేడాలొస్తాయి: ‘ఆర్’ తర్వాత ‘ఏ’ ఉందా లేదా, ‘ఎమ్’ తర్వాత ‘హెచ్’ ఉందా లేదా అని. ఫారం మీద పెద్ద అక్షరాల్లో మీరే రాసివ్వండి, నోటితో చెప్పి వదిలేయొద్దు. ప్రింట్ తీసేముందు స్క్రీన్ మీద ఒక్కో అక్షరం చూసుకోండి. ఇంటిపేరు పూర్తిగా రాయించండి, ఒక్క పొడి అక్షరంతో సరిపెడితే తర్వాత పాస్‌పోర్టు దగ్గర మళ్ళీ తిరగాలి.

నల్గొండ_నాన్న:
ఇంటిపేరు పూర్తిగానే రాయిస్తామన్నా. ఫారం రేపు తెచ్చుకుంటా. నింపేది మాత్రం మా నాన్న చేత.